పట్టపగలు దీపాలు పెట్టుకున్న కథ

పోయిన డిసెంబరులో ఒక ముసురు రోజు మా నెల్లూరు జిల్లాలో బుచ్చి దాటి సంగం వైపు పోతున్నాను. టైము పదిన్నర. చీకటేమీ లేదు, కానీ ఆకాశం, రోడ్డు, నా కారు మూడూ ఒకటే బూడిద రంగులో ఉన్నాయి. ఎదురుగా నారు కట్టలు వేసుకున్న ట్రాక్టరు, దాని వెనక ఒక బస్సు. ట్రాక్టరుకు తొందర లేదు, బస్సుకు ఉంది. బస్సు డ్రైవరు పక్కకు తొంగిచూశాడు, రోడ్డు ఖాళీ అనుకున్నాడు, వచ్చేశాడు. ఆ ఖాళీలో నేనున్నాను. హారన్ కొట్టే తీరిక కూడా లేక స్టీరింగు ఎడమకు కోసి మార్జిన్‌లోకి దిగిపోయాను. బస్సు గాలికి కారు ఊగింది.

ముందు చక్రం బురదలో దిగబడింది. ట్రాక్టరాయనే బండి ఆపి, నారు కట్టల మీద కూర్చున్న ఇద్దర్ని దింపి, కారును రోడ్డు మీదికి తోయించాడు. తోయించే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇంత కిందుండి, రోడ్డు రంగులో ఉంటే యాడ కనపడతావు సామీ? నేనూ నిన్ను దగ్గరికొచ్చాకే చూశా" అన్నాడు. బస్సు డ్రైవర్ని తిట్టడానికి నోట్లో తయారుగా పెట్టుకున్న మాటలన్నీ అక్కడే మింగేశాను.

కారు గురించి కొంచెం చెప్పాలి. అది శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల కారు. 1990ల చివర్లో వచ్చింది. ఫ్రాన్సులో క్లియో, ట్వింగో కార్లకు వాడిన రెనో వాళ్ల 1149 సీసీ పెట్రోలు ఇంజనే దీనికీ వాడారు. ఒళ్లంతా ఫైబర్ గ్లాసు. పవరు 60 హార్స్ పవరే గానీ బరువు లేదు కాబట్టి ఉరుకుతుంది. తొమ్మిదేళ్ల కింద బెంగళూరులో ఒకాయన దగ్గర కొన్నాను. నెల్లూరులో ఎక్కడ ఆపినా నలుగురు చేరి "ఇది ఏ దేశం బండి అన్నా?" అని అడుగుతారు. గోవా అంటే నమ్మరు. నాది రొయ్యల మేత వ్యాపారం. వారమంతా ఇందుకూరుపేట, విడవలూరు గుంటల చుట్టూ మినీ వ్యానులో తిరుగుతాను. ఆదివారం మాత్రం దీన్ని తీస్తాను. ఎత్తు ఎంతంటే, లారీ పక్కన ఆగితే నా తలకాయ దాని చక్రానికి సమానంగా ఉంటుంది. ఇది సరదాకు చెప్పుకునే మాట అనుకునేవాణ్ని, ఆ బస్సు వచ్చేదాకా.

పగటి లైట్లు పెట్టాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. ఈ లైట్లు కొత్తవేమీ కాదు. శీతాకాలం పగలు కూడా మసకగా ఉండే ఫిన్లాండులో 1972లోనే, స్వీడన్‌లో 1977లో పగలు లైట్లు వేసుకుని నడపాలని రూలు పెట్టారు. యూరపులో 2011 ఫిబ్రవరి నుంచి కొత్త మోడల్ కార్లకు ప్రత్యేకంగా ఈ దీపాలే ఉండాలన్నారు. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి బైకుల హెడ్‌లైటు ఇంజనుతో పాటే వెలుగుతోంది కదా, దాని ఉద్దేశమూ ఇదే. ఈ దీపం మనకు దారి చూపడానికి కాదు, ఎదుటివాడికి మనల్ని చూపడానికి.

హెడ్‌లైట్లే వేసుకుని తిరిగితే పోలేదా అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రెండు హెడ్‌లైట్లు 55 వాట్ల చొప్పున 110, వాటితో పాటు వెలిగే వెనక లైట్లు, నంబరు ప్లేటు లైటు, మీటరు బల్బులు కలిపితే 140 దాకా పోతుంది. ఇరవై ఏళ్లు దాటిన ఆల్టర్నేటరు (ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) మీద, విడిభాగాలు దొరకని కారులో, పగలంతా ఆ భారం వేయడం నాకిష్టం లేదు. ఎల్ఈడీ పగటి లైట్లు రెండూ కలిపి 12 వాట్లు. పైగా హెడ్‌లైటు డిమ్ములో ఉంటే వెలుగు రోడ్డు మీదికి పడేట్టు చేస్తారు. పగటి లైటు ఎదుటివాడి కంటికి తగిలేట్టు చేస్తారు.

ఇక కొనడం. మన ఊళ్లో కారు డెకరేషన్ షాపుకు పోయి పగటి లైట్లు అంటే ముందు తీసి చూపించేది రబ్బరు పట్టీలాంటి స్ట్రిప్పు. నీలంగా వెలుగుతుంది, ఇండికేటరు వేస్తే నారింజ రంగు పాములా పాకుతుంది. మూడు షాపుల్లో అదే చూపించారు. పెళ్లి ఊరేగింపుకైతే బాగుంటుంది. ఎండలో పది అడుగుల దూరం పోయి చూస్తే వెలుగుతుందో లేదో తెలియదు. యూరప్ రూలు ప్రకారం పగటి లైటు వెలుగు 400 నుంచి 1200 క్యాండెలా మధ్య ఉండాలి, వెలిగే మేర కనీసం 25 చదరపు సెంటీమీటర్లు ఉండాలి. ఆ పరీక్ష నెగ్గిన దీపం అద్దం మీద 'ఆర్ఎల్' అనే రెండు అక్షరాలు చెక్కి ఉంటాయి. కొనేటప్పుడు నేను చూసింది ఆ అక్షరాలే. ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలకు జత దొరికింది. దాంతో పాటు అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి వచ్చింది. ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్సుకు, నల్ల వైరు మైనస్సుకు ఇస్తే చాలు, ఇంజను స్టార్ట్ అయితే అదే కనిపెట్టి లైట్లు వెలిగిస్తుందని కాగితంలో రాశారు. అంత తేలికైన పనికి రెండు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం ఆటోనగర్‌కు పోయాను. అక్కడ నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ భాయ్ ఒకాయన ఉన్నాడు. లారీలు, బస్సుల వైరింగులో చెయ్యి తిరిగినవాడు. ఒక చేతిలో బీడీ, ఇంకో చేతిలో టెస్టరు బల్బు. నా కారును చూసినప్పుడల్లా "బొమ్మ కారు వచ్చిందిరోయ్" అని పిల్లలకు వినపడేట్టు అరుస్తాడు.

ముందు బిగించే చోటు దగ్గర పేచీ. కింద గాలి పోయే జాలీ పక్కన అందంగా ఉంటుందని భాయ్ అక్కడ పెట్టి చూపించాడు. నేను టేపు తీసి కొలిస్తే నేల నుంచి 22 సెంటీమీటర్లు వచ్చింది. రూలులో కనీసం 25 ఉంది. "మూడు సెంటీమీటర్లకు ఏమైతాది అన్నా, ఎవరొచ్చి కొలుస్తారు?" అన్నాడు. ఎవరూ కొలవరు, నిజమే. కానీ కింద ఉన్నందుకే కదా ఈ తిప్పలంతా. నాలుగు వేళ్లు పైకి జరిపించాను. రెండు దీపాల మధ్య కనీసం 60 సెంటీమీటర్ల దూరం ఉండాలన్నది కూడా సరిపోయింది.

ఫైబరుకు బెజ్జం వేయడం ఇనుముకు వేసినట్టు కాదు. డ్రిల్లు పెట్టి ఒక్కసారి నొక్కితే పైన ఉన్న రంగు పొర పెంకులా లేస్తుంది. అందుకని బెజ్జం వేసే చోట మాస్కింగ్ టేపు అంటించి, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, మొదట డ్రిల్లును రివర్సులో తిప్పమన్నాను. రివర్సులో అది కోయదు, పైపొరను మెల్లగా గీకుతుంది. తెల్ల పొడి రాలడం మొదలయ్యాక మామూలుగా తిప్పి, బరువు వేయకుండా లోపలికి పోనిచ్చాం. ఒక్కో దీపానికి రెండు బోల్టు బెజ్జాలు, ఒక వైరు బెజ్జం. ఆ పొడి ఒంటికి తగిలితే దూలగొండి రాసినట్టే. దగ్గర కూర్చున్న కుర్రాడికి తడి గుడ్డ ముక్కుకు కట్టమంటే నవ్వాడు. సాయంత్రం దాకా మోచేతులు గోక్కుంటూనే ఉన్నాడు.

దీపాలు బిగిశాయి. భాయ్ ఎర్ర వైరు బ్యాటరీకి లాగాడు. నల్ల వైరు చివర లగ్గు (బోల్టు కింద పట్టే లోహపు రింగు) వేసి, అలవాటు కొద్దీ పక్కనున్న బంపరు బోల్టు కింద పెట్టి బిగించాడు. ఇంజను స్టార్ట్ చేశాను. వెలగలేదు. బోల్టు విప్పి, చుట్టూ ఎమెరీ పేపరుతో గీకి మళ్లీ బిగించాడు. వెలగలేదు. ఇంకా గట్టిగా గీకాడు. నాకు నవ్వొచ్చింది.

"ఎంత గీకినా కింద ఇనుము లేదు భాయ్."

ఒక క్షణం కారు వంక, ఎమెరీ పేపరు వంక చూసి తల కొట్టుకున్నాడు. "అవునబ్బా! ఇది మైపాడు బోటు మాదిరి కదా!"

సరిగ్గా అదే. మైపాడులో చేపలకు పోయే ఫైబరు పడవకూ దీని ఒంటికీ తేడా లేదు. మామూలు కారులో ప్లస్సు వైరు మాత్రమే బల్బు దాకా పోతుంది. తిరుగు దారి కారు ఒళ్లే. బ్యాటరీ మైనస్సును బాడీకి కట్టేస్తారు, ఎక్కడ బోల్టు దొరికితే అక్కడ ఎర్తు దొరుకుతుంది. ఫైబరు కారులో ఆ సౌకర్యం లేదు. ప్రతి దీపానికీ రానూ పోనూ రెండు వైర్లూ ఉండాలి.

భాయ్ దానికి చిటికెలో ఉపాయం కనిపెట్టాడు. ఇండికేటరు బల్బు వెనక నుంచి ఒక నల్ల వైరు పోతోంది. అది ఎర్తే కదా. దాని తోలు ఒలిచి, మా నల్ల వైరు మెలిపెట్టి, టేపు చుట్టాడు. రెండో వైపూ అంతే. లైట్లు ధగధగ వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. 800 ఇచ్చి సంతోషంగా ఇంటికొచ్చాను.

ఆ సంతోషం వీఆర్సీ సెంటరు దాకా కూడా ఉండేది కాదు, దారిలోనే చూసుకుని ఉంటే. నేను చూడలేదు. ఆ సాయంత్రం ఒక షాపు అద్దంలో నా కారు బొమ్మ పడింది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను, లైట్లు రెండూ ఆరిపోయి ఉన్నాయి. కొంచెం రేసు ఇచ్చాను, వెలిగాయి. వదిలాను, రేడియేటరు ఫ్యాను తిరగడం మొదలవగానే మళ్లీ ఆరిపోయాయి. సరేలే అనుకుని ఎడమకు తిరగడానికి ఇండికేటరు వేశాను. ఈసారి కొత్త వింత. ఇండికేటరు వెలిగినప్పుడల్లా ఎడమ పగటి లైటు మసకబారుతోంది. అది ఆరితే ఇది వెలుగుతోంది. రెండూ వంతులు వేసుకుని కన్ను కొట్టుకుంటున్నట్టు ఉంది.

మొదటి దానికి కారణం ఆ నల్ల డబ్బా. దానికి ఇంజను తిరుగుతోందో లేదో నేరుగా తెలియదు. బ్యాటరీ వోల్టేజి 13 దాటితే ఆల్టర్నేటరు పనిచేస్తోంది కాబట్టి ఇంజను ఆన్‌లో ఉన్నట్టు, 13కు తగ్గితే ఆఫ్ అయినట్టు లెక్క వేసుకుంటుంది. కొత్త కార్లకు ఆ లెక్క సరిపోతుంది. నా కారు ఐడిలింగులో ఉండి ఫ్యాను తిరిగితే 12.8కి పడుతుంది. పాపం డబ్బా ఇంజను ఆపేశారనుకుంటుంది. ఇంకో సంగతి కూడా కొలిస్తే బయటపడింది. బండి షెడ్డులో ఉన్నప్పుడు కూడా ఆ డబ్బా 18 మిల్లీ ఆంపియర్లు తాగుతోంది. వినడానికి తక్కువే. నెలకు లెక్కేస్తే 13 ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీయే 35. వానల్లో నెలరోజులు బండి తీయకపోతే మూడో వంతు దానికే సరి. డబ్బా పీకి పక్కన పడేశాను.

కన్ను కొట్టే జబ్బు మాత్రం అంత తొందరగా అంతు చిక్కలేదు. ప్లస్సు వైపంతా వెతికాను. కనెక్షన్లు గట్టిగా ఉన్నాయి, వోల్టేజి సరిగ్గా వస్తోంది. దీపమే చెడిందేమోనని ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చాను. జబ్బు ఎడమ వైపే ఉండిపోయింది. రాత్రి తొమ్మిదైంది. మా అమ్మాయి డిప్లొమాలో ఎలక్ట్రికల్ చదువుతోంది. అన్నానికి పిలవడానికి షెడ్డులోకి వచ్చి కాసేపు చూసి, "ప్లస్సు సరే నాన్నా, మైనస్సు చూశావా?" అంది.

"మైనస్సులో చూసేదేముంది తల్లీ, అది సున్నానే కదా."

"సున్నానో కాదో కొలిస్తే కదా తెలిసేది."

మల్టీమీటరు తీసుకుని నల్ల ముల్లు బ్యాటరీ మైనస్సు మీద పెట్టింది. ఎర్ర ముల్లు నన్ను ఎడమ దీపం నల్ల వైరుకు తగిలించమంది. మైనస్సుకూ మైనస్సుకూ మధ్య కొలత అన్నమాట. రెండూ ఒకటే అయితే మీటరు సున్నా చూపించాలి. ఇండికేటరు వేసి, మీటరు వెలుగులో ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. "0.4... 1.9... 0.4... 1.9..." అని పాఠం అప్పజెప్పినట్టు చదువుతోంది. టిక్కు మన్నప్పుడల్లా 1.9. కుడి వైపు కొలిస్తే పాయింట్ ఒకటి కూడా దాటలేదు.

ఇది మా వైపు వాళ్లకు కాలువల భాషలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. మడికి నీళ్లు తెచ్చే పంట కాలువ గురించి అందరూ కొట్లాడతారు. నీళ్లు దిగిపోయే మురుగు కాలువ పూడిపోయిందా అని ఎవరూ చూడరు. మురుగు పూడితే పైనుంచి ఎన్ని నీళ్లొచ్చినా ముందుకు పారవు, అక్కడే ఎగదన్నుతాయి. నా ఎడమ ఇండికేటరు ఎర్తు పూడిపోయిన మురుగు కాలువ. అందులోకి ఇండికేటరు 21 వాట్ల నీళ్లు వదిలినప్పుడల్లా 1.9 వోల్టుల మేర ఎగదన్నుతోంది. అదే కాలువకు గండి కొట్టి మా పగటి లైటు పిల్ల కాలువను కలిపాం కాబట్టి దానికీ నీళ్లు దిగడం లేదు. బ్యాటరీ 12 వోల్టుల పైన ఇస్తున్నా దీపం వంతుకు వచ్చేది పదిన్నరే.

ఆ వైరును పట్టుకుని వెనక్కి పోతూ ఉంటే హెడ్‌లైటు వెనక ఒక పాత అతుకు దొరికింది. ఎప్పుడో, ఎవరో వేసిన అతుకు. టేపు విప్పగానే పచ్చటి పొడి రాలింది. ఇత్తడి బిందె అడుగున పట్టే చిలుమే. రాగి పోగుల్లో సగం తెగిపోయాయి, మిగిలిన సగం చిలుములో మునిగి ఉన్నాయి. సముద్రపు గాలికి గుంటల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లకు ఇదే జబ్బు వస్తుంది, ఏటా చూస్తుంటాను. నా కారుకూ అదే గాలి తగులుతుందని మాత్రం తోచలేదు. భాయ్‌ది తప్పని అప్పటిదాకా మనసులో అనుకుంటున్నాను. అతుకు ఆయన వేసింది కాదు. కాకపోతే కలిపే ముందు ఆ వైరు బతికుందా చచ్చిందా అని చూడలేదు. నేనూ పక్కనే నిలబడి చూడమనలేదు.

రెండో ఆదివారం భాయే మా ఇంటికొచ్చాడు. ఫోనులో విషయం చెబితే డబ్బులేం వద్దన్నాడు గానీ, మా ఆవిడ కారం దోసెలు వేసింది, అవి మాత్రం వద్దనలేదు. ఈసారి పని వరసగా చేశాం.

మొదట ఎర్తు. రెండు దీపాల నుంచీ 2.5 ఎంఎం నల్ల వైరు విడివిడిగా లాగి, ఒకే లగ్గులో కలిపి నేరుగా బ్యాటరీ మైనస్సుకు బిగించాం. నిజానికి 12 వాట్లకు అంత లావు వైరు అక్కరలేదు. ఎర్తు దగ్గర పిసినారితనం చేయకూడదని అప్పటికి బుద్ధొచ్చింది. ఇండికేటరు పాత అతుకు కోసేసి, రాగి మెరిసే దాకా వెనక్కి ఒలిచి, కొత్త వైరు సోల్డరింగ్ చేసి, స్లీవు వేసి లైటరుతో వేడి చేశాం. స్లీవు ముడుచుకుని వైరును కరుచుకుంటుంటే చూడటం నాకు భలే ఇష్టం. మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం ఇంట్లో ఈసారి నిషేధం. భాయ్ కొంచెం నొచ్చుకున్నాడు గానీ, "నీ బొమ్మ కారు, నీ ఇష్టం" అన్నాడు.

తర్వాత ప్లస్సు. డబ్బా లేదు కాబట్టి కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే తీగ ఒకటి కావాలి. ఫ్యూజుల పెట్టె దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. బ్లోయరు ఫ్యూజు దగ్గర కీ తీసేస్తే సున్నా, కీ ఆన్ చేస్తే 12.4, స్టార్టరు తిరుగుతున్నంతసేపు మళ్లీ సున్నా. ఇంతకంటే మంచి చోటు ఉండదు. స్టార్ట్ అయ్యేటప్పుడు బ్యాటరీ శక్తి అంతా స్టార్టరుకే పోతుంది. అక్కడి నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజు, దాని తర్వాత రిలే, అంటే కరెంటు ఇస్తే దానంతట అదే మారే స్విచ్చు.

రిలే ఎందుకంటే, రాత్రి పార్కింగ్ లైటో హెడ్‌లైటో వేసినప్పుడు పగటి లైట్లు వాటంతట అవే ఆరిపోవాలి. లేకపోతే ఎదుటివాడి కళ్లు పోతాయి. అయిదు కాళ్ల రిలే ఒక్కటి చాలు. 30వ కాలుకు కీ నుంచి వచ్చే కరెంటు ఇవ్వాలి. 87ఏ అనే నడిమి కాలు నుంచి దీపాలకు తీయాలి. 86కు పార్కింగ్ లైటు వైరు, 85కు ఎర్తు. పార్కింగ్ లైటు ఆరి ఉన్నంతసేపు 30, 87ఏ కలిసే ఉంటాయి, దీపాలు వెలుగుతాయి. పార్కింగ్ లైటు వేయగానే లోపలి చుట్ట అయస్కాంతమై నాలుకను అటు లాగేస్తుంది, దీపాలు ఆరిపోతాయి. పాత వైరింగు మీద బరువు పడకుండా ఇంకో రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా తెద్దామా అని నేనంటే, భాయ్ ఒప్పుకోలేదు. "ఒక ఆంపియరుకు రెండు రిలేలు ఎందుకన్నా? చెడిపోను రెండు వస్తువులు పెట్టుకోవడమే." ఆ మాట నాకు నచ్చింది.

అన్నీ కలిపి కీ ఆన్ చేశాం. లైట్లు లేవు. పార్కింగ్ స్విచ్ వేశాను, దేదీప్యమానంగా వెలిగాయి! పగలు ఆరి రాత్రి వెలిగే పగటి లైట్లు తయారయ్యాయి. భాయ్ కనెక్షన్లు మూడుసార్లు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి మా అమ్మాయి రిలే పీకి, దాని నెత్తిన గోరంత అచ్చులో ఉన్న బొమ్మ చదివి, "దీనికి 87ఏ లేదు, రెండూ 87లే" అంది. చూడటానికి అచ్చం ఒకేలా ఉండే అయిదు కాళ్ల రిలేలు రెండు రకాలు. ఒక రకంలో నడిమి కాలు 87ఏ, అంటే మామూలుగా కలిసి ఉండి కరెంటిస్తే విడిపోయేది. రెండో రకంలో నడిమి కాలు కూడా 87, ఒకేసారి రెండు చోట్లకు కరెంటు పంపడానికి. లారీలకు రెండోదే ఎక్కువ వాడతాడు కాబట్టి భాయ్ సంచిలో అదే ఉంది. స్కూటరేసుకుని పోయి ఎక్కడో తెరిచి ఉన్న షాపు పట్టి అరగంటలో రెండో రకం తెచ్చాడు. దాన్ని గుచ్చగానే పని చేసింది.

ఆఖర్న మీటరు మళ్లీ పెట్టాం. ఇండికేటరు కొట్టుకుంటుండగా మైనస్సుకూ మైనస్సుకూ మధ్య 0.05. భాయ్ ఆ అంకె తన ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఎందుకని అడిగితే, "మా కుర్రోళ్లకు చూపియ్యాల" అన్నాడు.

కప్లర్ల (వైర్లను కలిపే ప్లగ్గుల) దగ్గర వైరును కొంచెం కిందికి వేలాడనిచ్చి మళ్లీ పైకి తెచ్చి గుచ్చాం. వాన నీళ్లు వైరు వెంట జారుతూ వచ్చినా ఆ వంపు దగ్గర చుక్కలుగా రాలిపోతాయి, కప్లర్‌లోకి దూరవు. ఈ చిన్న పని మర్చిపోయి ఉంటే మళ్లీ చిలుము కథే. మూడు రోజుల తర్వాత పెద్ద వాన పడింది. కావాలనే ముంబై రోడ్డెక్కి ఆత్మకూరు దాకా పోయొచ్చాను. లైట్లు చెక్కు చెదరలేదు. బుచ్చికి ఇవతల ఒక బస్సు లారీని దాటబోయి, ముక్కు బయటపెట్టి, మళ్లీ వెనక్కి సర్దుకుంది. నన్ను చూసే సర్దుకుందో, వేరే ఏ కారణమో నేను చెప్పలేను. నేను మాత్రం స్టీరింగు మీద నుంచి చెయ్యి తీసి గుండె మీద పెట్టుకున్నాను.

ఇప్పుడు నాకు వచ్చిన కొత్త కష్టం ఇంకొకటి. ఎదురొచ్చే ప్రతి బండివాడూ చెయ్యి పైకెత్తి వేళ్లు మూస్తూ తెరుస్తూ సైగ చేస్తాడు, లైటు వెలుగుతోంది చూసుకో అని. బైకులవాళ్లు చేస్తారు, ఆటోవాళ్లు చేస్తారు, లారీలవాళ్లు డిప్పరు కొడతారు. కొత్త కార్లకు ఎవరూ చేయరు, నాది పాత బండి కదా, మర్చిపోయాడనుకుంటారు. మొన్న పెన్నా బ్రిడ్జి దాటి కోవూరులో టీకి ఆగబోతుంటే, ఎక్సెల్ బండి మీద ఒక పెద్దాయన వెనక నుంచి వచ్చి పక్కన ఆపాడు. రెండు కిలోమీటర్లు తరుముకొచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"లైటు ఎలగతా ఉండాది నాయనా. ఇందాకట్నుంచి చెప్తుండా, చూడవే!"

"అది అట్టనే ఎలగాల తాతా. పగలు కూడా ఉండే లైటు."

కారు ముందుకు పోయి వంగి చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ లైటు చూశాడు.

"బ్యాటరీ దిగిపోతే తోసేదానికి మాత్రం నన్ను పిలవబాక" అని బండి కిక్కు కొట్టాడు.